కెమెరా కబుర్లు: లకుముకికి ఆగమని చెప్పలేం

ప్రశ్న: కొల్లేరులోని ఆటపాకకు రెండు ఆదివారాలు తెల్లవారుతూనే వెళ్ళాను. నలుపు తెలుపు లకుముకి పిట్ట నీటి పైన గాలిలో నిలబడి, ఉన్నట్టుండి దభీమని దూకుతుంది. నాలుగు వందల ఫోటోలు తీసి ఉంటాను. అన్నిటిలో ఆకాశం తెల్లగా, పిట్ట బొగ్గులా వచ్చాయి. రెక్కలు అలికినట్టున్నాయి. లెన్స్ 150–600 జూమ్, ఎపర్చర్ (లెన్స్ తెరుచుకునే రంధ్రం) ఎఫ్ 6.3, షట్టర్ 1/500 సెకను, ఐఎస్‌ఓ (వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 400. చుక్కలు పడతాయని ఐఎస్‌ఓ పెంచలేదు. నా తప్పేమిటి? (ఒక ఉపాధ్యాయురాలు, కైకలూరు)

జవాబు: తప్పు మీ ఉత్తరంలోనే, చివరి నుంచి రెండో వాక్యంలో ఉందండీ. చుక్కలకు భయపడి పిట్టను పోగొట్టుకున్నారు. చుక్కల్ని తర్వాత ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని తగ్గించుకోవచ్చు. అలికిన రెక్కకు ఈకలు అతికించడం నాకైతే చేతకాలేదు.

చిన్న లెక్క చూడండి. రెక్క ఆగినట్టు రావాలంటే లకుముకికి షట్టర్ కనీసం 1/2000 ఉండాలి. మీరు పెట్టిన 1/500తో పోలిస్తే లోపలికొచ్చే వెలుతురు నాలుగో వంతు. అది పూడాలంటే ఐఎస్‌ఓ 1600 కావాలి. పిట్ట బొగ్గులా ఉందన్నారు కదా, దానికోసం ఇంకో రెట్టింపు, అంటే 3200. పొద్దు పొడిచిన తొలి అరగంటలో నా కెమెరా మీద ఉండే అంకె దాదాపు ఇదే. ఆ అంకె చూసి నేనూ మొదట్లో గుండె పట్టుకున్నవాణ్ణే.

ఇక బొగ్గు సంగతి. నేను పెళ్ళిళ్ళ ఫోటోలు తీసి బతికినవాణ్ణి. పెళ్ళికొడుకు తెల్లపంచె చట్రంలో ఎక్కువగా నిండితే కెమెరా ‘ఇక్కడ వెలుతురు ఎక్కువ’ అనుకుని అంతా తగ్గించేసేది. పెళ్ళికూతురి మొహం నల్లబడేది. డబ్బులిచ్చేటప్పుడు వాళ్ళ మొహాలు ఇంకా నల్లబడేవి. మీ లకుముకి వెనక ఉన్న తెల్లటి ఆకాశం ఆ పంచె లాంటిదే. అదే పిట్ట దిగివచ్చి తుంగ ముందు నుంచి ఎగిరితే కెమెరా తిరగబడి అతిగా వెలిగిస్తుంది. వెనక ఏమి మారినా పిట్ట మీద పడే ఎండ మాత్రం మారలేదు. కాబట్టి ఆ నిర్ణయం కెమెరాకు వదలకండి. మాన్యువల్‌లో (అంకెలన్నీ మనమే పెట్టే పద్ధతిలో) పెట్టి, పిట్ట మీద పడే వెలుతురే పడుతున్న తెల్లకొంగ ఒకటి ఒడ్డున ఉంటే దాన్ని తీసి చూడండి. తెలుపు మితిమీరితే తెర మీద ఆ భాగం మిణుకుమిణుకుమంటుంది (మెనూలో ఆ సదుపాయాన్ని ఆన్ చేసుకోవాలి). మిణుకు మొదలయ్యే దాకా ఐఎస్‌ఓ పెంచి, ఒక్క మెట్టు వెనక్కి రండి. ఆ తర్వాత ఆకాశం వచ్చినా తుంగ వచ్చినా ముట్టుకోకండి. మబ్బులు వచ్చిపోతూ ఉంటే మాత్రం ఆటో ఐఎస్‌ఓ తప్పదు.

దీనికంటే ముఖ్యమైనది గాలి. లకుముకి గాలికి ఎదురుగా మొహం పెట్టి నిలబడుతుంది. గూడబాతులూ గాలికి ఎదురుగానే దిగుతాయి, విమానాల్లాగే. చలికాలంలో మన తీరాన ఈశాన్యపు గాలి ఎక్కువ. సూర్యుడు ఆగ్నేయం వైపు నుంచి లేస్తాడు. తూర్పుకు వీపు పెట్టి నిలబడితే గాలీ ఎండా రెండూ మీ వెనకే ఉంటాయి, పిట్ట మొహం మీ వైపు ఉంటుంది. ఏ రోజైనా గాలి పడమర నుంచి వీచిందా, చిక్కే. వెలుతురు వెనక నుంచి కావాలంటే తోక దొరుకుతుంది. మొహం కావాలంటే ఎదురెండ భరించాలి. నేను మొహాన్నే ఎంచుకుంటాను. ఆకాశం పూర్తిగా తెల్లబడినా సరే, కన్ను కనబడితే చాలు.

పిట్ట దూకడాన్ని వెంబడించకండి. రీళ్ళ రోజుల్లో ఒక చలికాలం ఐదు రీళ్ళు, అంటే 180 ఫ్రేములు, ఒక్క లకుముకి కోసం తగలేశాను. వాటిలో నూట డెబ్భై దాకా ఉత్త నీళ్ళు. మా ఆవిడ ప్రింట్లన్నీ ఓపిగ్గా చూసి, ‘అలలు చక్కగా వచ్చాయండీ’ అంది. అప్పటి నుంచి దూకాక కాక, నిలబడినప్పుడే తీస్తున్నాను. ముక్కు నిటారుగా కిందికి వాలి, రెక్కలు ముడుచుకోబోతున్నప్పుడు నొక్కాలి. కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలు కొన్ని మనం నొక్కడానికి ముందు అర సెకనులో కనిపించినదాన్ని కూడా దాచిపెడతాయి; మీదానిలో ఉందేమో చూసుకోండి. లెన్స్‌ను మొదటే 600కు లాగకండి, ఆకాశంలో పిట్టను వెతుక్కోలేరు. 300 దగ్గర పట్టుకుని తర్వాత లాగండి. లెన్స్ పక్కనుండే మీటతో దగ్గరి దూరాలను తప్పిస్తే ఫోకస్ అటూ ఇటూ పరుగెత్తదు. చేపతో ఎక్కడ వాలుతుందో కూడా చూసి పెట్టుకోండి. చాలాసార్లు పాత గుంజ మీదికే వచ్చి, చేపను దానికేసి బాదుతుంది.

ప్రశ్న: ఉప్పలపాడు చెరువులో ఉదయం పదకొండు గంటలకు తీసిన ఎర్రకాళ్ళ కొంగలు సున్నం కొట్టినట్టు వచ్చాయి. పైగా దేనిలోనూ స్పష్టత లేదు. లెన్స్ మార్చాలా? (గుంటూరు పాఠకుడు)

జవాబు: వద్దు, గడియారం మార్చండి. పదకొండుకు నేలా నీళ్ళూ కాగి పైన గాలి అలలు అలలుగా కదులుతుంది. ఆ గాలి గుండా ఎంత ఖరీదైన లెన్స్ చూసినా మసకే. దూరపు కొంగకు ఇది ఇంకా ఎక్కువ. ఉప్పలపాడులో పక్షులు ఊరి చెరువులోనే గూళ్ళు కడతాయి, మనిషికి పెద్దగా బెదరవు. ఏడింటికి వెళితే దగ్గర నుంచే దొరుకుతాయి. సున్నం సంగతికి పైన పెళ్ళికొడుకు పంచె చదవండి, తిరగేసి. మీ కొంగల వెనక ముదురు ఆకులున్నాయి కదా.

ప్రశ్న: నా దగ్గర ఫోను మాత్రమే ఉంది. పక్షుల కోసం తేలినీలాపురం వెళ్ళి ప్రయోజనం ఉందా? (విద్యార్థి, టెక్కలి)

జవాబు: ఉంది. ఈకలు లెక్కపెట్టాలనుకోకండి. సాయంత్రం గూటికి చేరే గూడబాతుల నీడరూపాలు తీయండి. తెర మీద ఎర్రటి ఆకాశాన్ని తాకి వెలుతురు తగ్గించండి. పెద్ద రెక్కలు తెరిచే దాకా ఆగండి. జూమ్ జోలికి పోకండి.

ప్రశ్న: మా ఇంటి దగ్గర చెట్టు తొర్రలో గుడ్లగూబలు పిల్లల్ని పెట్టాయి. మసక చీకట్లో ఎగిరిపోతుంటే ఏదీ రావడం లేదు. ఫ్లాష్ వాడవచ్చా? (హైదరాబాద్ పాఠకుడు)

జవాబు: వాడకండి. చీకటికి అలవాటుపడిన కంటి మీద, పైగా గూటి దగ్గర, నేనైతే వాడను. గూళ్ళను అలజడి పెట్టడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట కింద లెక్కిస్తుంది. ఎగిరే గుడ్లగూబకు ఆ వెలుతురులో 1/2000 ఎలాగూ కుదరదు, దాన్ని వదిలేయండి. ఎగరబోయే ముందు కొమ్మ మీద ఒక నిమిషమైనా కూర్చుంటుంది. దూరంగా, కెమెరాను స్టాండు మీద పెట్టి, 1/125, ఐఎస్‌ఓ 6400తో ఆ నిమిషాన్ని తీయండి. ఇరవై తీస్తే రెండు నిలుస్తాయి.

ఆ చెట్టు ఏ వీధిలో ఉందో కూడా మీరు వివరంగా రాశారు. ఆ రెండు వాక్యాలూ కొట్టేశాను.