చేనేతలో ఎవరి చెయ్యి?

విజయనగరం

అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. పొందూరు ముసలమ్మ వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, ఆ దవడను కొంగుతో తుడిచి దాచుకునే చోటు బాగుంది. ఆ వెంటనే ‘ఆమె చేనేత నూలు తీస్తోంది’ అన్నావు. అక్కడ నాకు ఒళ్లు మండింది.

చేనేత అంటే చేతితో నేసినది. చేవ్రాలులో, చేబదులులో లాగే ఇక్కడా ‘చేయి’ కాస్తా ‘చే’ అయింది. ఇందులో వడకడం ఎక్కడుంది? మిల్లు నూలు తెచ్చి చేతిమగ్గం మీద నేసినా అది చేనేతే. ఖాదీకి మాత్రం నూలు కూడా చేత్తోనే వడకాలి. 1956 నాటి ఖాదీ చట్టమూ అదే చెబుతుంది. పొందూరు ఖాదీకి అంత పేరు వచ్చింది రాట్నం మీద ఆడవాళ్లు తీసిన సన్న నూలు వల్ల. చేనేత అన్న మాటలో ఉన్నది మగ్గం దగ్గరి చెయ్యి. ముసలమ్మ మీద కథ రాస్తూ, ఆమె చెయ్యి లేని మాటను ఆమెకు అంటగడతావా?

సమాసాన్ని విప్పి చూడనిదే వాడకూడదు. ఈ ‘చే’ అన్నిచోట్లా ఒకే పని చెయ్యదు. చేనేతలో అది పనిముట్టు. చేబదులులో పత్రం లేకుండా, మాట మీద నమ్మకంతో చేతులు మారిన డబ్బు. చేదోడులో ‘తోడు’ దోడుగా మారి, కష్టపడే మనిషికి ఆసరా అయింది. ఇంకా వెనక్కి వెళ్తే తమిళ కన్నడాల ‘కై’, మన ‘చేయి’ ఒకే మూలం నుంచి పుట్టినవి. అక్కడి కకారం మన దగ్గర చకారమైంది. కన్నడిగుల ‘కివి’ మనకు చెవి అయినట్టే.

రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ప్యాసింజరు బండిలో పొందూరు వెళ్లి, రాట్నాల పక్కన కూర్చుని మాటలు ఏరుకునేవాణ్ణి. వడకడానికి చుట్టిన పత్తి ఏకు, నూలు చుట్టుకునే ఊచ కదురు, నూలు కట్ట చిలప, మగ్గం మీది నిలువు పోగు పడుగు, అడ్డపోగు పేక. వాటితో రాసిన కథను ఒక వారపత్రిక సంపాదకుడు, పాఠకులకు అర్థం కాదంటూ, ‘వడికింది’ని ‘నేసింది’గా దిద్ది అచ్చువేశాడు. ‘ఈవిడ రాట్నం వదిలి మగ్గం ఎప్పుడెక్కింది బాబూ?’ అని ఊళ్లో అడిగితే తల ఎత్తుకోలేకపోయాను. ఏకు మేకైందని ఇంటింటా అనుకునే జనానికి ఏకు తెలియదా? ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఇప్పుడేమో మగ్గం చప్పుడు వినిపిస్తే చాలు, కథకు మట్టివాసన వచ్చేసిందంటున్నారు.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ముందు ఆ పేరా తిరగరాయి. పోగు తెగినప్పుడు ఆమె దాన్ని ఎలా అతుకుతుందో దగ్గర కూర్చుని చూసి రాయి. పట్నం నుంచి వచ్చే మనవడు ఈ కథకు అక్కర్లేదు, తీసెయ్యి.