చెల్లెలి కాన్పు దగ్గరపడింది, ఆ దేశంలో కర్ఫ్యూ నడుస్తోంది

ప్రశ్న: వచ్చే నెలలో మా చెల్లెలికి కాన్పు. వాళ్లుండే దేశంలో కొన్ని వారాలుగా ఆందోళనలు, రాజధానిలో రాత్రి కర్ఫ్యూ. అమ్మ వెళ్లమంటోంది, మావారు వద్దంటున్నారు. రోజూ ఇదే గొడవ. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఇంట్లో వాదన చెల్లెలి మీద ప్రేమ ఎవరికెంత అన్నదాకా వెళ్లినట్టుంది. ముందు దాన్ని అక్కణ్ణుంచి దించండి. ఏం జరుగుతుందని భయపడుతున్నారో మీవారిని అడగండి. మీకు దెబ్బ తగులుతుందనా, తిరిగి రాలేరనా, కబురు అందదనా? ఒక్కో భయానికి ఒక్కో జాగ్రత్త ఉంది.

గుంపుల జోలికి వెళ్లనివారికి కూడా తప్పనిది చిక్కుకుపోవడం. 2025 సెప్టెంబరు 9న ఆందోళనల మధ్య కాఠ్మాండూ విమానాశ్రయాన్ని మూసేశారు, మర్నాటికి గాని తెరవలేదు. 2024 జులైలో బంగ్లాదేశ్‌లో కర్ఫ్యూ పెట్టి, మొబైల్ ఇంటర్నెట్‌ను పది రోజుల పాటు ఆపేశారు. కాబట్టి చెల్లెలి ఇంటి నుంచి విమానాశ్రయానికి, ఆసుపత్రికి దారులు మ్యాప్‌లో చూడండి. పార్లమెంటు, సచివాలయం, యూనివర్సిటీల ముందు నుంచే పోవాల్సి వస్తే అది పెద్ద ఇబ్బంది. వేరే దారి ఉందో లేదో మరిదిగారినే అడగండి, టీవీ కంటే ఆయనకే బాగా తెలుస్తుంది. ఎన్నికల ఫలితాలు, పెద్ద కోర్టు తీర్పులు ఉన్న వారంలో ప్రయాణం పెట్టుకోకండి.

మీ ప్రభుత్వం ఇచ్చిన ప్రయాణ హెచ్చరికను పూర్తిగా చదవండి. అది దేశమంతటికా, కొన్ని ప్రాంతాలకేనా అన్నది ముఖ్యం. ‘వెళ్లొద్దు’ అని ఉంటే చాలా బీమా పాలసీలు పనిచేయవు. పైగా గొడవలు మొదలయ్యాక కొన్న పాలసీ, ఆ గొడవల వల్ల కలిగే నష్టానికి సాధారణంగా డబ్బివ్వదు. జనం ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. ‘అంతర్గత అల్లర్లు’ గురించి ఏం రాశారో కంపెనీ నుంచి మెయిల్‌లో తెప్పించుకోండి, ఫోన్‌లో చెప్పిన మాట నమ్మొద్దు. టికెట్ తేదీ మార్చుకునే వీలున్నదే కొనండి.

ఆ తర్వాత మీరిద్దరూ కూర్చుని, ఏం జరిగితే ప్రయాణం మానుకోవాలో కాగితం మీద రాసుకోండి: హెచ్చరిక ‘వెళ్లొద్దు’ అని మారితే, విమానాలు వరసగా రద్దవుతుంటే, పగలు కూడా కర్ఫ్యూ పెడితే, ఆసుపత్రి దారి మూసుకుపోతే. బయలుదేరడానికి 72 గంటల ముందు ఒకసారి, 24 గంటల ముందు ఇంకోసారి చూసుకోండి. ఒక్కటి జరిగినా ఆగిపోవాలి, ఇక చర్చ వద్దు. ఈ కాగితం ఉంటే మీవారి మనసు కుదుటపడుతుంది. అమ్మకూ చూపించండి.

వెళ్తే రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోండి. మందులు, వీసా గడువు అనుకున్నదానికి రెండు వారాలు ఎక్కువే ఉండాలి. ఏటీఎంలు మూతపడొచ్చు కాబట్టి చిన్న నోట్లు, ఫోన్ నంబర్లు రాసిన కాగితం దగ్గరుంచుకోండి. నెట్ ఆగినా మామూలు కాల్, ఎస్ఎంఎస్ పనిచేయొచ్చు. 24 గంటలు కబురు లేకపోతేనే కంగారుపడాలని ఇంట్లో ముందే అనుకోండి. పిల్లలుంటే వెంట తీసుకెళ్లొద్దు.

చెల్లెలికి ఈరోజే ఫోన్ చేసి, మీరు రాలేకపోవచ్చని నిజం చెప్పండి. కాన్పు దగ్గర తోడుండే మనిషిని, తర్వాత కొన్ని వారాలు బిడ్డను చూసే ఆయాను ఆమె ఇప్పుడే మాట్లాడిపెట్టుకోవాలి, మీరు వెళ్లినా సరే.