కీడెంచడం వరకూ సరే, ఆ తర్వాతేంటి?

ప్రశ్న: మాది అవనిగడ్డ దగ్గర పల్లెటూరు. మా ఆయన దేనికైనా ముందు చెడే చూస్తారు. అమ్మాయికి అమెరికాలో ఎమ్మెస్ సీటొచ్చిందని మేమంతా సంబరపడుతుంటే ఈయన "వీసా రాదులే, వచ్చినా అక్కడ జాబ్ రాదు, అప్పే మిగుల్తుంది" అని మొదలెట్టారు. ఏమన్నా అంటే "ఆశ పెట్టుకోకపోతే బాధే ఉండదు, నాదే తెలివైన పద్ధతి" అంటారు. నిజంగా ఇది తెలివేనంటారా? చిన్నప్పుడు ఉప్పెన చూసిన మనిషి, అందుకే గట్టిగా అనలేకపోతున్నా.
- ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఆయన మాటల్లో సగం కరెక్టే. కీడెంచి మేలెంచమని పెద్దోళ్ళు ఊరికే అన్లేదు కదా. ఉప్పెన అన్నారు కాబట్టి అక్కణ్ణుంచే చెప్తా. 1977 నవంబర్ 19న సముద్రం దివిసీమ మీద పడ్డప్పుడు వేలల్లో పోయారు, చాలా ఊళ్ళకి అంత పెద్దది వస్తోందన్న కబురే సరిగ్గా అందలేదు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వైజాగ్‌ని అల్లకల్లోలం చేసింది గానీ మన రాష్ట్రంలో పోయిన ప్రాణాలు వందలోపే. రెండూ ఒకలాంటి తుఫాన్లు కావనుకోండి, దివిసీమలో గాలికంటే నీళ్ళే ఎక్కువమందిని మింగాయి. అయినా ఈ మధ్యలో షెల్టర్లు కట్టారు, వార్నింగులు మెరుగయ్యాయి, హుద్‌హుద్‌కి లక్షలమందిని ముందే ఖాళీ చేయించారు, ఇదంతా "ఘోరంగా వస్తే మన గతేంటి" అని ఎవరో కూర్చుని ఆలోచించబట్టే కదా జరిగింది. అలాంటి నిరాశావాదుల్ని జీతమిచ్చి మరీ పెట్టుకోవాలి!

మీ ఆయన్లో చూడాల్సింది కూడా అదే, వీసా రాదేమో అన్నాక ఆయనేం చేస్తున్నారు? రిజెక్టయితే యూనివర్సిటీకి కట్టిన డిపాజిట్ వెనక్కిస్తారా, సీటు తర్వాతి సెమిస్టర్‌కి మార్చుకోవచ్చా, లోన్‌కి వడ్డీ ఎప్పట్నుంచి పడుద్ది, డాలర్ పెరిగితే రెండో ఏడాది ఫీజు సంగతేంటి, ఇవన్నీ కనుక్కుంటుంటే మీ ఇంట్లో అందరికంటే పనికొచ్చే మనిషి ఆయనే. పడక్కుర్చీలో కూర్చుని "రాదులే" అనడంతోనే సరిపెడుతుంటే మాత్రం దాన్ని బద్ధకం అంటారు, తెలివి అని పేరు పెట్టుకున్నారంతే.

ఆశ లేకపోతే బాధ లేదన్నది మాత్రం నేనొప్పుకోను. వీసా రాకపోతే ఆయన ఎలాగూ బాధపడతారు, కన్నకూతురాయె. వస్తే ఇన్నాళ్ళ దిగులంతా దండగ. తీసుకోని అప్పుకి ముందే వడ్డీ కట్టడం ఏం లెక్కండీ?

అలాగని "పాజిటివ్‌గా ఉండండి, అంతా మంచే జరుగుద్ది" అని క్లాసులు పీకకండి. చెడు ముందే ఊహించుకుని దానికి తగ్గట్టు ప్రిపేరయ్యే మనుషుల మీద జూలీ నోరెమ్, నాన్సీ కాంటర్ అనే అమెరికన్ సైకాలజిస్టులు 1986లో ఓ స్టడీ చేశారు, అలాంటివాళ్ళకి "నువ్వు బాగా చేస్తావులే" అని భరోసా ఇస్తే వాళ్ళు ఇంకా తక్కువ చేశారట! మీ ఆయన చేతికి పెన్నూ కాగితం ఇచ్చి భయాలన్నీ రాయమనండి, ఒక్కోదాని పక్కన ఎవర్ని అడగాలో రాయించి బ్యాంకుకి కూడా ఆయన్నే పంపండి. ఒక్క కండిషన్, ఇంటర్వ్యూ అయ్యేదాకా అమ్మాయి ముందు ఈ టాపిక్కే ఎత్తకూడదు, ఆ కౌంటర్ దగ్గర గొంతు వణికేది ఆ పిల్లకి.

నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, ఇష్టమైన పనులు కూడా వదిలేయడం లాంటివి కనిపిస్తే మాత్రం లేట్ చేయకుండా డాక్టర్‌కి చూపించండి. మానసిక సమస్యల కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసినా ఫ్రీగా, తెలుగులోనే మాట్లాడతారు.