మా అమ్మాయి ఆఫ్రికాన్స్ నాటకాల్లో నటి అవుతానంటోంది

ప్రశ్న: మాది ఒంగోలు. పన్నెండేళ్లుగా దక్షిణాఫ్రికాలో, ప్రిటోరియా పక్కన సెంచూరియన్‌లో ఉంటున్నాం. మావారు ఐటీలో, వర్క్ వీసా మీద పనిచేస్తున్నారు. అమ్మాయి 11వ గ్రేడ్. బడిలో ఆఫ్రికాన్స్ (డచ్ నుంచి పుట్టిన ఇక్కడి భాష) రెండో భాషగా తీసుకుంది, అందులో క్లాస్ ఫస్ట్. ఈమధ్య సాండ్రా ప్రిన్స్‌లూ అనే ఆవిడ నాటకం చూసొచ్చింది. అప్పట్నుంచి డ్రామా డిగ్రీ చేస్తాను, ఆఫ్రికాన్స్ స్టేజీ మీదే నటిస్తాను అని ఒకటే పట్టు. వాళ్ల తాతగారు కూడా పరిషత్ నాటకాల్లో వేషాలు వేసినవారే, కానీ ఆయనకు పగలు పంచాయతీ ఆఫీసులో ఉద్యోగం ఉండేది. మాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఆ బతుకు ఎలా ఉంటుంది? మన పిల్లకు అందులో చోటుంటుందా? వద్దని చెప్పమంటారా?
– ఒక తల్లి, సెంచూరియన్

జవాబు:

అమ్మా, మీ ఉత్తరం చదివి ముందు సంతోషించాను. ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లిష్ మధ్య పెరిగిన పిల్ల మూడో భాషలో నాటకం చూసి, ఆ భాషలోనే నటించాలని అనుకుందంటే ఆ నాటకం ఆమెను ఎంత గట్టిగా పట్టుకుందో తెలుస్తోంది. అందుకే 'వద్దు' అని మొదలుపెట్టకండి. 'సరే' అని కూడా ఇప్పుడే అనేయకండి. ఆ నటి జీవితం ఎలా నడిచిందో ముందు మీరిద్దరూ కూర్చుని చూడండి. మీ అమ్మాయి చూసింది ఒక సాయంత్రం. దాని వెనక యాభై ఏళ్ల పని ఉంది.

సాండ్రా ప్రిన్స్‌లూ మీకు తెలియని మనిషేం కాదు. 1980లో వచ్చిన 'ది గాడ్స్ మస్ట్ బీ క్రేజీ' గుర్తుందా? ఆకాశంలోంచి కోకాకోలా సీసా పడే సినిమా, మనవాళ్లు వీడియో క్యాసెట్ అద్దెకు తెచ్చుకుని మరీ చూసింది. అందులో పత్రికాఫీసు ఉద్యోగం వదిలేసి మారుమూల పల్లెకు టీచరుగా వెళ్లే కేట్ పాత్ర ఆవిడదే. బయటి దేశాలవాళ్లకు ఆవిడ ఆ ఒక్క సినిమాతోనే తెలుసు. కానీ ఆవిడ జీవితమంతా గడిచింది స్టేజీ మీదే.

ఆవిడ 1947లో పుట్టారు. ప్రిటోరియా యూనివర్సిటీలో డ్రామా చదివి, తర్వాత 'పాక్ట్'లో పనిచేశారు. ఈ పాక్ట్ గురించి మీ అమ్మాయికి తప్పకుండా చెప్పాలి. 1963లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం నాలుగు రాష్ట్రాలకూ నాలుగు కళా మండళ్లు పెట్టింది. ప్రిటోరియా ఉన్న ట్రాన్స్‌వాల్ రాష్ట్రానికి పెట్టింది పాక్ట్. నటులను ఉద్యోగుల్లా తీసుకునేది, నెలనెలా జీతమిచ్చేది. ఒక నటి ఏడాదిలో ఒక గ్రీకు విషాదాంతం, ఒక షేక్స్‌పియర్, ఒక కొత్త ఆఫ్రికాన్స్ నాటకం, ఒక హాస్యం వరసగా వేసే వీలుండేది. రిహార్సల్స్ రోజుల్లోనూ డబ్బు వచ్చేది. దర్జీ, లైట్లవాళ్లు, మేకప్‌వాళ్లు అందరూ సంస్థవాళ్లే. ఆ తరం నటుల గొంతు, నడక, నిలబడే తీరు అంత గట్టిగా ఉన్నాయంటే ఆ జీతం ఇచ్చిన తీరికే కారణమని నా నమ్మకం. ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ జీతాలు వర్ణవివక్ష ప్రభుత్వం ఇచ్చినవి, అందింది తెల్లవాళ్లకు. మీ అమ్మాయి అప్పుడు పుట్టి ఉంటే ఆ తలుపు దగ్గరే ఆపేసేవారు.

ఆ గోడకు ఎదురెళ్లినవాళ్లలో ప్రిన్స్‌లూ ఒకరు. 1985లో కేప్‌టౌన్‌లోని బాక్స్‌టర్ థియేటర్‌లో స్వీడన్ నాటకకర్త స్ట్రిండ్‌బర్గ్ రాసిన 'మిస్ జూలీ' వేశారు. యజమాని కూతురు ఆవిడ, నౌకరు జాన్ కానీ అనే నల్లజాతి నటుడు. ఇద్దరూ ముద్దుపెట్టుకునే ఘట్టం రాగానే కొందరు ప్రేక్షకులు కుర్చీల్లోంచి లేచి వెళ్లిపోయారు. వేర్వేరు జాతులవాళ్ల మధ్య ప్రేమను, పెళ్లిని నేరంగా చూసిన చట్టాలు రద్దయింది కూడా ఆ ఏడాదే. మీ అమ్మాయి ఇంకొకటి గమనించాలి. ఆ నాటకం ఇంగ్లిష్‌లో వేసింది. ఆఫ్రికాన్స్ నటి అని పేరున్నా ఆవిడ రెండు భాషల్లోనూ పనిచేస్తూ వచ్చారు. ఒక్క ఆఫ్రికాన్స్‌తోనే బతుకుతాను అంటే ఆవిడకూ కుదిరేది కాదేమో.

1994లో ప్రజాస్వామ్యం వచ్చింది. ప్రభుత్వం తన డబ్బు అందరి కళలకూ పంచాలి కాబట్టి, కళా మండళ్లలోని శాశ్వత నాటక బృందాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. అది న్యాయమే. కానీ నటులకు నెల జీతం పోయింది. ఆ ఖాళీలోకి ఉత్సవాలు వచ్చాయి. 1995లో ఔట్స్‌హూర్న్‌లో క్లెయిన్ కరూ ఉత్సవం మొదలైంది, అందరూ 'కా కా ఎన్ కా' అంటారు. తర్వాత పోచెఫ్‌స్ట్రూమ్‌లో ఆర్డ్‌క్లోప్, స్టెలన్‌బోష్‌లో వూర్డ్‌ఫీస్, నెల్స్‌ప్రూట్‌లో ఇన్నిబోస్. మన పరిషత్తుల్లాగే ఊరూరా జరుగుతాయి కానీ, ఇక్కడ టికెట్ కొని చూస్తారు.

నేను ప్రిటోరియాలో ఉద్యోగం చేసిన రోజుల్లో ఒకసారి ఔట్స్‌హూర్న్ వెళ్లాను. వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. ఉష్ట్రపక్షుల ఊరు, ఎండ మాడ్చేస్తుంది. నాటకం ఒక స్కూలు హాల్లో. గ్రీన్‌రూమ్ అంటే క్లాస్‌రూమే. నటి చిన్నపిల్లల బెంచీ మీద దుప్పటి పరిచి తన వేషం తనే ఇస్త్రీ చేసుకుంటోంది. వెనక బోర్డు మీద పిల్లల కూడికలు చెరపకుండా అలాగే ఉన్నాయి. గంటా పదినిమిషాలు ఒక్కతే నటించింది, హాలంతా ఏడ్చింది. చప్పట్లు ఆగిన ఐదు నిమిషాలకు అదే మనిషి, జుట్టు ముడి వేసుకుని, టెక్నీషియన్‌తో కలిసి కుర్చీ, దీపం, ట్రంకుపెట్టె బక్కీలోకి ఎక్కిస్తోంది. తర్వాతి నాటకంవాళ్లు అప్పటికే గుమ్మంలో సామాన్లతో నిలబడ్డారు. బక్కీ అంటే చిన్న పికప్ ట్రక్కు, మీకు చెప్పక్కర్లేదు, మీ వీధి నిండా అవే. ఆ సాయంత్రమే ఆమెకు ఇంకో హాల్లో, ఇంకో నాటకంలో చిన్న వేషం ఉందట. ఈ దృశ్యం మీ అమ్మాయి చూడాలి. చూశాక కూడా కళ్లు మెరిస్తే అప్పుడు మనం ముందుకు మాట్లాడుకోవచ్చు.

ప్రిన్స్‌లూకు బాగా పేరు తెచ్చిన వాటిలో ఒకటైన 'డీ నాయ్‌మషీన్' పుట్టింది ఈ లోకంలోనే. రాషెల్ గ్రీఫ్ రాసింది, 2009 నుంచి వేస్తూ వచ్చారు. వృద్ధాశ్రమంలో ఉన్న ఎనభై దాటిన ముసలావిడ తన కుట్టుమిషన్ అమ్మేయాల్సి వస్తుంది. అమ్మే ముందు దానితో గడిచిన బతుకంతా చెప్పుకుంటుంది. కథ ఇంతే. మొదలుపెట్టేనాటికి నటికి అరవై దాటాయి. ఒక మనిషి, ఒక కుట్టుమిషన్. కారులో పట్టేస్తుంది, ఏ ఊరికైనా తీసుకెళ్లొచ్చు. ఏకపాత్ర నాటకాలు అక్కడ అంత విరివిగా వేయడానికి ఈ లెక్క కూడా ఒక కారణం. దీన్ని చులకనగా అనుకోకండి. జీతం పోయిన తర్వాత కూడా స్టేజీని వదలకుండా, తన వయసుకు తగిన పాత్ర పట్టుకుని మళ్లీ నిలబడ్డారు. యాభై ఏళ్ల వృత్తిలో నాకు అన్నిటికంటే పెద్ద పాఠంగా కనిపించేది అదే.

ఇక భాష. చోటుంటుందా అని మీరు అడిగారు. రంగు సంగతి తర్వాత చెప్తాను, ముందు నోటి సంగతి. క్లాస్ ఫస్ట్ రావడం వేరు, ఆ భాషలో కోప్పడగలగడం వేరు. ఆఫ్రికాన్స్‌లో 'కాదు, లేదు' అనే మాట చాలా వాక్యాల్లో రెండుసార్లు వస్తుంది. 'ఎక్ ఇస్ నీ మూఖ్ నీ' అంటే 'నేను అలసిపోలేదు'. వ్యాకరణం పుస్తకం రెండు 'నీ'లూ నేర్పుతుంది. కానీ ఇంట్లో మాట్లాడేవాళ్లు రెండో 'నీ'ని నొక్కకుండా తేలిగ్గా అనేస్తారు. ఆ అనే తీరులోనే మనిషి నిజంగా అలసిపోయిందో లేదో ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. పరీక్షలో దానికి మార్కులుండవు, స్టేజీ మీద మార్కులన్నీ దానికే. 'మూఖ్'లో గొంతులోంచి గరగరమని వచ్చే ఆ శబ్దం కూడా అంతే, కావాలని తెచ్చినట్టుంటే వెంటనే దొరికిపోతుంది.

కానీ మన పిల్లలకు ఒకటి పుట్టుకతోనే వచ్చేసింది. ఆఫ్రికాన్స్ ఇళ్లలో పరాయి పెద్దవాళ్లను కూడా 'తన్నీ', 'ఊమ్' అనే పిలుస్తారు, మన పిన్ని, బాబాయ్ లాగే. ఎదురుగా ఉన్న అమ్మను 'నువ్వు' అనడం తప్పు కాబట్టి, 'కన్ మా మెయ్ హెల్ప్?' అంటారు. అంటే 'అమ్మ నాకు సాయం చేస్తుందా?' అని అమ్మ మొహం చూస్తూనే అడుగుతారు. ఈ మర్యాద ఇంగ్లిష్ ఇంట్లో పెరిగిన పిల్లకు వింతగా ఉంటుంది. 'మీరు', 'నువ్వు' తేడా తెలిసి పెరిగిన పిల్లకు వెంటనే అందుతుంది. మీ ఇంటి తెలుగు ఆమెకు అడ్డం కాదు, ఆసరా.

ఇప్పుడు రంగు. 2022 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఇంటి భాషల్లో ఆఫ్రికాన్స్‌ది మూడో స్థానం, 10.6 శాతం. అది మాతృభాష అయినవాళ్లలో సగానికి పైగా తెల్లవాళ్లు కారు. షాలీన్ సర్టీ-రిచర్డ్స్ గురించి మీ అమ్మాయితో చెప్పండి. 1955లో అపింగ్టన్‌లో పుట్టారు. మొదట చిన్నపిల్లల బడిలో టీచరు. స్టేజీ మీదా, 1988 నాటి 'ఫీలా సె కింట్' సినిమాలోనూ ఆవిడ నటన చూసినవాళ్లు మర్చిపోలేదు. 2021లో పోయారు. టీవీలో '7డె లాన్' సీరియల్‌లో షార్‌మేన్‌గా చాలా ఏళ్లు కనిపించిన వినెట్ ఇబ్రహీం మరొకరు. కాబట్టి తెల్లరంగు లేకపోతే చోటే లేదనడం నిజం కాదు. కానీ సర్టీ-రిచర్డ్స్ లాంటివాళ్లు ఆ భాషలోనే పుట్టి పెరిగినవాళ్లు. తెలుగింటి పిల్ల ఆ స్టేజీ ఎక్కితే, మొదట్లో ప్రతి వేషానికీ 'ఈ అమ్మాయి ఈ ఇంట్లోకి ఎలా వచ్చింది?' అనే ప్రశ్న వస్తుంది. దానికి జవాబు ఆమె నోరే చెప్పాలి.

చేదు మాట ఒకటి. మీరు వర్క్ వీసా మీద ఉన్నారు. వర్క్ వీసాకు చూసే క్రిటికల్ స్కిల్స్ (దేశంలో కొరతగా ఉన్న నైపుణ్యాల) జాబితాలో ఐటీ ఉద్యోగాలున్నాయి, నటన లేదు. చదువు అయ్యాక ఆమె అక్కడే ఉండి ఫ్రీలాన్స్‌గా నటించాలంటే పర్మనెంట్ రెసిడెన్సీ ఉండాల్సిందే అనుకోండి. మీ కుటుంబానికి ఆ అర్హత ఉందేమో ఇప్పుడే ఇమిగ్రేషన్ లాయరును అడగండి. డ్రామా కాలేజీ గురించి ఆలోచించడం ఆ తర్వాత. అక్కడి నటులు చాలామంది ఏ సంస్థకూ ఉద్యోగులు కారు. సెలవు జీతం, పీఎఫ్ లాంటివి ఉండవు. 2020లో కోవిడ్ వచ్చి 'కా కా ఎన్ కా' ఆగిపోయినప్పుడు నెలల తరబడి రిహార్సల్ చేసినవాళ్లు ఉత్త చేతులతో ఇళ్లకు వెళ్లారు.

ఈ ఏడాది ఏం చేయించాలి? ఆఫ్రికాన్స్ భాషా సంస్కృతి సంఘం 'ఏటీకేవీ' బడి పిల్లలకు 'టీనర్‌టొనీల్' అని నాటక పోటీలు నడుపుతుంది. బడి టీచరును అడిగి జట్టులో చేర్పించండి. చిన్న వేషమైనా ఫరవాలేదు, వేషం లేకపోతే తెర వెనక పని చేయనివ్వండి. ఆఫ్రికాన్స్ ఇంట్లో ఉండే స్నేహితురాలు ఉంటే శని, ఆదివారాలు వాళ్లింట్లో గడపనివ్వండి. వంటింట్లో, పెరట్లో మాంసం కాల్చే బ్రాయ్ పొయ్యి దగ్గర దొరికే భాష ఏ ట్యూషన్‌లోనూ దొరకదు.

డిగ్రీకి ప్రిటోరియా, స్టెలన్‌బోష్, బ్లూమ్‌ఫాంటెయిన్‌లోని ఫ్రీ స్టేట్, ష్వానే యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ చూడండి. ప్రిన్స్‌లూ చదివిన ప్రిటోరియాలో 2019 నుంచి కొత్తగా చేరేవాళ్లకు బోధన ఇంగ్లిష్‌లోనే, అక్కడే చేరితే ఆఫ్రికాన్స్‌ను ఆమె విడిగా కాపాడుకోవాలి. స్టెలన్‌బోష్‌లో ఇంకా రెండు భాషలూ ఉన్నాయి. అందుకే నా మొగ్గు అటువైపు, ఇంటికి దూరమైనా సరే. మార్కులు ఒక్కటే చాలవు, చాలాచోట్ల ఆడిషన్ లాంటి పరీక్ష కూడా ఉంటుంది. దరఖాస్తుల గడువు మెట్రిక్ (అక్కడ 12వ గ్రేడ్) ఏడాది మధ్యలోనే ముగుస్తుంది కాబట్టి ఆలస్యం చేయకండి. డ్రామాతో పాటు డిగ్రీలో ఒక భాషా సబ్జెక్టు తీసుకోమనండి. ఆ తర్వాత ఏడాది టీచర్ ట్రైనింగ్ చేస్తే బడిలో పాఠం చెప్పే అర్హత వస్తుంది. తాతగారికి పగలు పంచాయతీ ఆఫీసు ఉన్నట్టే ఈమెకూ ఒకటి ఉంటుంది, అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఆఖరుగా ఒక పని పెడుతున్నాను. ఆమెకు నచ్చిన ఆఫ్రికాన్స్ సంభాషణ ఒక పేజీ, రెండు నిమిషాలు, ఫోన్‌లో రికార్డు చేయించండి. దాన్ని టీచరుకు కాదు, మీ వీధిలో ఉండే ఎవరైనా పెద్ద వయసు తన్నీకి వినిపించండి. 'ఎలా ఉంది?' అని అడగకండి. 'ఈ అమ్మాయి ఏ ఊరిది అనుకుంటున్నారు?' అని అడగండి. ఆవిడ ఏం చెప్పిందో నాకు రాయండి.