మెట్లు ఎక్కే మామయ్యగారు గుమ్మం దగ్గర ఎందుకు ఆగిపోతున్నారు?

ప్రశ్న: మా మామయ్యగారికి 72 ఏళ్లు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆరేళ్లుగా పార్కిన్సన్స్ ఉంది. రోజుకు మూడుసార్లు సిండోపా మాత్ర వేసుకుంటారు. సంక్రాంతి తరువాత నాలుగుసార్లు పడ్డారు. ఒకసారి తెల్లవారుజామున బాత్రూముకు వెళుతూ పడ్డారు. ఒకసారి నేను వెనక నుంచి పిలిస్తే గబుక్కున తిరగబోయి పడ్డారు. ఇంకోసారి భోజనం చేసి కుర్చీలోంచి లేస్తుంటే కళ్లు చీకట్లు కమ్మాయి. మొన్న కాఫీ గ్లాసు పట్టుకుని మనవడితో మాట్లాడుతూ నడిచి పడ్డారు. వంటింటి గుమ్మం దగ్గరకు రాగానే కాళ్లు నేలకు అతుక్కుపోయినట్లు ఆగిపోతారు. అదే మనిషి మేడమెట్లు మాత్రం చక్కగా ఎక్కుతారు. అందుకే మావారు ‘నాన్న కావాలనే చేస్తున్నారు’ అని విసుక్కుంటున్నారు. కళ్లు తిరుగుతున్నాయంటే మందుల షాపులో ఏవో మాత్రలు ఇచ్చారు. పక్కింటివారు దూలగొండి పొడి వాడమంటున్నారు. ఇక ఆయన్ను నడవనివ్వకుండా కూర్చోబెట్టడమే మంచిదా?
– ఒక కోడలు, తెనాలి

జవాబు: అమ్మా, ముందుగా ఈ మాట మీవారికి చదివి వినిపించండి. మామయ్యగారు కావాలని చేయడం లేదు. గుమ్మం దగ్గర ఆగిపోవడం, మెట్లు ఎక్కగలగడం రెండూ ఆ జబ్బు లక్షణాలే. నేను ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేయిస్తాను. ఇదే అనుమానంతో తండ్రీకొడుకులు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్లున్నాయి. అది చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది.

మనం నడిచేటప్పుడు ఏ కాలు ముందు, ఏ కాలు వెనక అని ఆలోచించం. ఆ పని మెదడు లోపల తనంతట తానే జరిగిపోతుంది. అందుకు డోపమైన్ అనే రసాయనం కావాలి. పార్కిన్సన్స్‌లో దాన్ని తయారుచేసే కణాలు క్రమంగా నశిస్తాయి. అప్పుడు అలవాటుగా సాగే నడక మధ్యలో తెగిపోతుంది. ఇరుకు చోట, మలుపులో, తొందరలో ఇది ఎక్కువ. మెట్ల దగ్గర ప్రతి అంచూ కంటికి కనిపిస్తుంది కనుక, చూసి వేసే అడుగుకు మెదడు వేరే దారి వాడుకుంటుంది. అందుకే అక్కడ ఆయనకు ఇబ్బంది లేదు.

ఈ వేరే దారినే గుమ్మం దగ్గర కూడా కల్పించవచ్చు. నేల రంగుకు భిన్నంగా కనిపించే టేపు కొని, గుమ్మానికి ఇటూ అటూ ఆయన నడిచే దారికి అడ్డంగా గీతల్లా అతికించండి. గీతకూ గీతకూ మధ్య అడుగున్నర ఎడం ఉంటే చాలు. టేపు అంచులు లేవకూడదు. ముగ్గుపిండితో మాత్రం గీయకండి, జారుతుంది. ఒక్కో గీత దాటుతూ రమ్మనండి.

అయినా ఆగిపోతే చెయ్యి పట్టుకుని లాగవద్దు. ఇంటింటా జరిగేది ఇదే. లాగితే పైశరీరం ముందుకు వస్తుంది, పాదాలు అక్కడే ఉండిపోతాయి, మనిషి బోర్లా పడతాడు. ‘ఆగండి మామయ్యగారూ, తొందరేం లేదు’ అనండి. నిటారుగా నిలబడి, బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు రెండు మూడుసార్లు మార్చి, అప్పుడు పెద్ద అడుగు వేయమనండి. ఆయన డ్రిల్లు మాస్టారు కదా, లయ ఆయన ఒంట్లోనే ఉంది. లెఫ్ట్, రైట్ అని పిల్లలకు చెప్పినట్లే తనకు తాను పైకి చెప్పుకుంటూ నడవమనండి. లయ వినిపిస్తే చాలామందికి అడుగు కదులుతుంది. మనవడితో చెప్పించినా సంతోషిస్తారు.

ఇక నాలుగుసార్లు పడిన సంగతి. ఎప్పుడెప్పుడు, ఏం చేస్తూ పడ్డారో మీరు రాశారు కనుక నా పని సులువైంది. ఈ నాలుగింటికీ కారణాలు వేరు.

తెల్లవారుజామున ముందురోజు వేసుకున్న మాత్ర ప్రభావం అయిపోయి ఉంటుంది, ఒళ్లు బిగుసుకుని ఉంటుంది. మొదటి మాత్ర, నీళ్లు మంచం పక్కనే పెట్టుకుని, అది పనిచేయడం మొదలయ్యాక లేవవచ్చేమో, మాత్రల వేళలు మార్చాలేమో న్యూరాలజిస్టును అడగండి. రాత్రిపూట మూత్రానికి మంచం దగ్గరే సీసా పెట్టండి. మాత్రకూ తిండికీ అరగంటైనా ఎడం ఉంచితే మంచిది. పప్పు, పాలు, గుడ్డులోని మాంసకృత్తులు మందు ఒంటికి పట్టకుండా అడ్డుపడగలవు.

వెనక నుంచి పిలవడం ఇంట్లో అందరూ మానేయండి. ఎదురుగా వచ్చి మాట్లాడండి. ఆయన ఉన్నచోటనే గిర్రున తిరగకూడదు. కారు మలుపు తిరిగినట్లు, చిన్న చిన్న అడుగులతో వెడల్పుగా చుట్టి రావాలి. నడిచేటప్పుడు చేతిలో గ్లాసు, నోట్లో మాట రెండూ వద్దు. మనవడు ఏదైనా అడిగితే ఆగి, జవాబు చెప్పి, మళ్లీ నడవాలి.

కుర్చీలోంచి లేస్తుంటే కళ్లు చీకట్లు కమ్మడం బీపీ పడిపోవడం వల్ల కావచ్చు. జబ్బూ చేస్తుంది, మందులూ చేస్తాయి, భోజనం తరువాత ఇంకా ఎక్కువ. అయిదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి. నిలబడిన ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ అంతకు మించి గానీ తగ్గితే ఆ కాగితం డాక్టరుకు చూపించండి. ఆయన బీపీ మాత్రలు కూడా వాడుతుంటే అది తప్పకుండా చెప్పండి.

మందుల షాపులో ఇచ్చిన మాత్రల పేరు మీరు రాయలేదు, నాకు అదే భయంగా ఉంది. కళ్లు తిరగడానికి, వాంతులకు మామూలుగా ఇచ్చే ప్రోక్లోర్‌పెరజిన్, సిన్నారిజిన్, మెటోక్లోప్రమైడ్ లాంటివి డోపమైన్‌కు అడ్డుపడతాయి. పార్కిన్సన్స్ ఉన్నవారిలో నడక ఇంకా దిగజారుతుంది. ఆ మాత్రల పట్టీని ఈరోజే డాక్టరుకు చూపించండి. సిండోపాను మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు. అకస్మాత్తుగా ఆపడం ప్రమాదం.

దూలగొండి గింజల్లో నిజంగానే లీవోడోపా ఉంది. మెదడులో డోపమైన్‌గా మారేది అదే, సిండోపాలో ఉన్న మందే అది. అందుకే వద్దంటున్నాను. చెంచాడు పొడిలో ఎంత మందుందో ఎవరికీ తెలియదు. ఉన్న మాత్రకు అది తోడైతే బీపీ పడిపోవచ్చు, లేనివి కనిపించవచ్చు, ఒళ్లు మెలికలు తిరగవచ్చు.

నేను ఎవరింటికి వెళ్లినా ముందు మంచం నుంచి బాత్రూము దాకా దారి చూస్తాను. చాలా ఇళ్లలో తువ్వాళ్ల కడ్డీ కిందికి వంగి ఉంటుంది. పెద్దవారు దాన్నే పట్టుకుని లేస్తున్నారని అర్థం. కుళాయి, తువ్వాళ్ల కడ్డీ మనిషి బరువు ఆపవు. కమోడు పక్కన, స్నానం చేసే చోట గోడకు మరలతో గట్టిగా బిగించిన ఉక్కు కడ్డీలు పెట్టించండి. హవాయి చెప్పులు తీసేసి, మడమ వెనక పట్టీ ఉన్నవి కొనండి. లుంగీ అంచు కాలికి చుట్టుకుంటుంది, పైజమా నయం. ఎత్తి ఎత్తి పెట్టే నాలుగుకాళ్ల వాకరును ఎవరో చెప్పారని కొనేయకండి. కాళ్లు అతుక్కుపోయేవారికి అది సరిపడకపోవచ్చు. ఫిజియోథెరపిస్టు దగ్గర నడిపించి చూశాకే కొనండి.

కూర్చోబెట్టవద్దు. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. నడక మానేస్తే తొడల్లో ఉన్న బలమూ పోతుంది, అప్పుడు మంచమే గతి. పార్కిన్సన్స్ ఉన్నవారిలో తాయ్ చీ అనే, నెమ్మది కదలికల చైనా వ్యాయామం సాధనతో పడిపోవడం తగ్గిందని 2012లో అచ్చయిన అమెరికా పరిశోధన ఒకటి చెప్పింది. అందులో ముఖ్యంగా చేసేది బరువును నెమ్మదిగా అటూ ఇటూ మార్చడమే. మాత్ర బాగా పనిచేస్తున్న వేళ, వంటగట్టు పట్టుకుని మామయ్యగారి చేత అదే చేయించండి. కుర్చీలోంచి లేచి కూర్చోవడం కూడా. పక్కగా, కాస్త వెనకగా ఒకరు నిలబడాలి.

మళ్లీ పడితే వెంటనే రెక్క పట్టి లేపకండి. తుంటి దగ్గర నొప్పి, కాలు పొట్టిగా, బయటికి తిరిగినట్లు కనిపించడం ఉంటే నిలబెట్టకుండా ఆసుపత్రికి చేర్చండి. తలకు తగిలితే, అందులోనూ రక్తం పలచబడే మందు వాడేవారైతే, పైకి బాగానే ఉన్నా డాక్టరుకు చూపించాలి. కొన్ని వారాల తరువాత తలనొప్పి, మగత మొదలైనా ఆ దెబ్బ సంగతి చెప్పండి.

ప్రశ్న: మా నాన్నగారికి పార్కిన్సన్స్ అని చెప్పి ఏడాది కూడా కాలేదు. అప్పుడే నిలువునా వెనక్కి పడిపోతున్నారు. మాత్రలతో పెద్దగా మార్పు లేదు. పళ్లెంలోకి చూడటానికి కళ్లు కిందికి దిగడం లేదంటున్నారు.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: బాబూ, మామూలు పార్కిన్సన్స్‌లో ఇంత తొందరగా పదేపదే పడిపోవడం ఉండదు. చూపు కిందికి దిగకపోవడం దానికి తోడైందంటే, పార్కిన్సన్స్‌లా కనిపించే వేరే జబ్బేమో చూడాలి. హైదరాబాద్ నిమ్స్ లాంటి చోట న్యూరాలజీ విభాగంలో మళ్లీ చూపించండి. ఆయన నడిచే తీరు, తిరిగే తీరు, కుర్చీలో కూర్చునే తీరు ఫోనులో వీడియో తీసి తీసుకువెళ్లండి. అప్పటిదాకా ఆయన్ను మెట్లు ఒంటరిగా దిగనివ్వకండి.