పాఠకుల ప్రశ్నలు: సేవ చేసేవారిని ఎంచుకునే హక్కు

ప్రశ్న: మా చెల్లెలు న్యూజెర్సీలో ఉంటున్నది. పక్షవాతంతో మంచం పట్టిన అత్తగారికి స్నానం చేయించడం, అన్నం తినిపించడం వంటి పనులకు ప్రభుత్వం తనకే గంటల లెక్కన డబ్బు ఇస్తున్నదని చెప్పింది. ఇంటి మనిషికే జీతమిస్తే సొమ్ము దుర్వినియోగం కాదా? దీన్ని అక్కడి రాష్ట్రాలు ఎలా నడుపుతున్నాయి? మన దగ్గర ఇలాంటిది ఉందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ చెల్లెలు చెప్పింది నిజమే. అయితే అది కోడలికి ఇచ్చే భృతి కాదు. అత్తగారికి మంజూరైన సేవకు, ఆవిడ తానే ఎంచుకున్న మనిషికి అందే వేతనం. ఎవరిని పెట్టుకోవాలో, ఏ వేళకు రమ్మనాలో, ఎవరిని మానిపించాలో నిర్ణయించే యజమాని అత్తగారే. పాత పద్ధతిలో ఏజెన్సీ ఎవరిని పంపితే వారి చేత, వారు వచ్చిన వేళకే స్నానం చేయించుకోవలసి వచ్చేది.

ఈ ఖర్చును భరించేది మెడికెయిడ్ అనే పేదల ఆరోగ్య పథకం. దాని నిధులను అక్కడి కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు పంచుకుంటాయి కనుక నియమాలు రాష్ట్రానికో తీరుగా ఉంటాయి. గ్రీన్ కార్డుపై వెళ్లిన తల్లిదండ్రులకు సాధారణంగా ఐదేళ్లు గడిచాకే ఇందులో అర్హత వస్తుందని మన కుటుంబాలు గుర్తుంచుకోవాలి.

1990ల చివర ఆర్కన్సా, న్యూజెర్సీ, ఫ్లోరిడా రాష్ట్రాలు ‘నగదు–సలహా’ పేరుతో ఒక ప్రయోగం చేశాయి. ముందుకు వచ్చినవారిని చీటీలు వేసినట్లు రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గానికి పాత పద్ధతిలో ఏజెన్సీ సేవలను, రెండో వర్గానికి సొంతంగా ఖర్చు చేసుకునే నెలవారీ మొత్తాన్ని ఇచ్చారు. రెండో వర్గంలో తీరని అవసరాలు తగ్గాయి, తృప్తి పెరిగింది, ఆరోగ్యం దెబ్బతినలేదు. కొన్నిచోట్ల ఖర్చు పెరిగిన మాట వాస్తవమే. కానీ దానికి ముఖ్య కారణం, కాగితం మీద మంజూరై కూడా మనుషులు దొరకక అంతకుముందు అందకుండా పోయిన సేవ ఇప్పుడు అందడమే. ఆ పెరుగుదలను వృథా అనడానికి నాకు మనసొప్పదు.

ఆ పేరులోని రెండో మాట, ‘సలహా’, మొదటిదానికంటే ముఖ్యమని నా అభిప్రాయం. మంచంలో ఉన్న ముసలావిడ యజమాని అయితే పన్ను కోతలు, జీతాల చిట్టా, గంటల లెక్క ఎవరు చూడాలి? అందుకే చాలా రాష్ట్రాలు ఈ పనికి మధ్యవర్తి సంస్థలను నియమించుకుంటాయి. పథకం నిలిచినా కూలినా అక్కడే. న్యూయార్క్ రాష్ట్రం 2025లో సుమారు 600 మధ్యవర్తి సంస్థల స్థానంలో ఒకే సంస్థను తెచ్చినప్పుడు, నమోదు పూర్తికాక, జీతాలు సమయానికి అందక ఎందరో ఇబ్బంది పడ్డారు. ఖర్చు తగ్గించాలన్న ఉద్దేశం తప్పు కాదు. కానీ వారం జీతం ఆగితే సేవ చేసే మనిషి వేరే పని వెతుక్కుంటుంది, ఆ పూట పక్క మీది మనిషిని కదిపేవారుండరు.

దుర్వినియోగం గురించి మీ సందేహం సబబైనదే. కాలిఫోర్నియాలో కౌంటీ (మన జిల్లా వంటిది) ఉద్యోగి ఇంటికి వచ్చి, స్నానానికి ఎంత, వంటకు ఎంత అని పని వారీగా సమయం లెక్కగట్టి నెలకు గంటలు మంజూరు చేస్తారు; గరిష్ఠ పరిమితి 283 గంటలు. వచ్చిన వేళ, వెళ్లిన వేళ ఎలక్ట్రానిక్ పద్ధతిలో నమోదు కావాలని 2016 నాటి అమెరికా కేంద్ర చట్టం చెబుతుంది. అన్నిటికంటే తెలివైన నియమం మరొకటి చాలా రాష్ట్రాల్లో ఉంది: మతిమరుపు వల్ల పెద్దావిడ నిర్ణయాలు తీసుకోలేకపోతే ఆమె తరఫున ప్రతినిధి ఉండవచ్చు గాని, ఆ ప్రతినిధే జీతం తీసుకునే మనిషి కాకూడదు. కోడలు సేవ చేస్తే గంటల కాగితంపై సంతకం కొడుకు పెట్టాలి.

ఇక మన దగ్గర. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, ఎక్కువ తోడ్పాటు అవసరమైనవారికి సంరక్షకుల భత్యం ఇచ్చే మాట ప్రస్తావించింది. పూర్తిగా మంచానికే పరిమితమైన వారికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నది. ఇది మంచి అడుగే, కానీ ఇందులో ఉన్నది నగదు మాత్రమే. ఇంటికి వచ్చి రోజుకు ఎన్ని గంటల సేవ కావాలో లెక్కగట్టేవారు గానీ, సేవ చేసే కోడలికి అది పనేనని గుర్తించి వేతనం రాసేవారు గానీ అందులో లేరు.