ఫైర్‌వాల్ అడ్మిన్ పేజీని ఇంటి నుంచి చూడాలంటే వాన్ పోర్టు మీద తెరవవచ్చా?

గాజువాక ఆఫీసులో కొత్త ఫోర్టిగేట్ (ఫోర్టినెట్ కంపెనీ ఫైర్‌వాల్) పెట్టారు, అచ్యుతాపురం గోదాముకు మరొకటి పంపబోతున్నారు, రెండింటినీ ఇంటి నుంచి చూసుకోవడానికి వాన్ పోర్టు (ఇంటర్నెట్ వైపుది) మీద హెచ్‌టీటీపీఎస్ (బ్రౌజరులో అడ్మిన్ పేజీ తెరుచుకునే దారి) తెరిస్తే చాలదా అని అడిగారు. దయచేసి తెరవవద్దు. ఆటోనగర్ పరిసరాల్లోని గోదాముల నెట్‌వర్క్‌లను కొన్నేళ్లుగా చూస్తున్న అనుభవంతో ఈ మాట చెబుతున్నాను.

నేను బాధ్యత తీసుకునేనాటికి ఒక గోదాములో వాన్ వైపు హెచ్‌టీటీపీఎస్ తెరిచే ఉంది. సిస్టమ్ ఈవెంట్ల లాగ్ చూస్తే అడ్మిన్, రూట్, టెస్ట్ అనే పేర్లతో, ఎక్కడెక్కడి అడ్రసుల నుంచో, విఫలమైన లాగిన్‌లు వరుసగా కనిపించాయి. ఆ పేజీ పోర్టు నంబరును 443 నుంచి 8443కు మార్చినా కొంతకాలం తగ్గి మళ్లీ మొదలయ్యాయి. గట్టి పాస్‌వర్డ్ ఉందన్న ధైర్యం కూడా చాలదు. 2022 అక్టోబరులో వెల్లడైన సీవీఈ-2022-40684 లోపం వల్ల, అడ్మిన్ పేజీని చేరగలిగినవారు పాస్‌వర్డ్‌తో పనిలేకుండానే, ఫోర్టిగేట్ సాఫ్ట్‌వేరైన ఫోర్టిఓఎస్ కొన్ని వెర్షన్లలో అడ్మిన్ పనులు చేయగలిగేవారు. వెంటనే అప్‌డేట్ చేయలేనివారికి ఫోర్టినెట్ అప్పట్లో సూచించిన తాత్కాలిక మార్గం ఆ పేజీని ఆపేయడం, లేదా కొన్ని అడ్రసులకే పరిమితం చేయడం.

అందువల్ల ఇంటి నుంచి ఐపీసెక్ వీపీఎన్ (ఎన్‌క్రిప్ట్ చేసిన టన్నెల్) ద్వారా రండి. టన్నెల్ నుంచి లాన్‌కు, అంటే లోపలి నెట్‌వర్క్‌కు, పాలసీ (అనుమతి నియమం) రాసి, హెచ్‌టీటీపీఎస్‌ను, ఎస్‌ఎస్‌హెచ్‌ను (కమాండ్ లైన్‌కు దూరం నుంచి లాగిన్ అయ్యే దారి) లాన్ పోర్టు మీద మాత్రమే అనుమతించండి. అయితే లాన్ అడ్రసును ముందుగా మార్చుకోవాలి. డబ్బాలోంచి తీసినప్పుడు ఉండే 192.168.1.99ను అలాగే ఉంచితే, ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన రౌటరు, మీ ఇంటి రౌటరు కూడా తరచుగా అదే 192.168.1 వరుసలో ఉంటాయి కాబట్టి, వీపీఎన్ కలిసినా ప్యాకెట్లు ఎటు వెళ్లాలో తేలదు. గాజువాకకు 10.20.1.0/24, అచ్యుతాపురానికి 10.20.2.0/24 అన్నట్లు వేర్వేరుగా పెట్టండి.

కమాండ్ లైన్‌లో చాలామంది చిక్కుకునేది ఒక్కచోట. పోర్టు మీద ఏయే దారులు తెరిచి ఉండాలో చెప్పేది అలౌయాక్సెస్. ‘సెట్ అలౌయాక్సెస్ ఎస్‌ఎస్‌హెచ్’ అని కొడితే ఎస్‌ఎస్‌హెచ్ అదనంగా చేరదు, అంతకుముందున్న పింగ్, హెచ్‌టీటీపీఎస్ పోయి అదొక్కటే మిగులుతుంది. చేర్చాలంటే ‘అపెండ్ అలౌయాక్సెస్ ఎస్‌ఎస్‌హెచ్’ అనాలి. ట్రస్టెడ్ హోస్టులను, అంటే లాగిన్‌కు అనుమతించే అడ్రసులను, ప్రతి అడ్మిన్ ఖాతాకూ పెట్టండి, ఎందుకంటే ఒక్క ఖాతాను వదిలేసినా లాగిన్ పేజీ అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. వాటిలో వీపీఎన్ ఇచ్చే అడ్రసుల వరుసను కూడా చేర్చాలి, లేకపోతే ఇంటి నుంచి మీకే ప్రవేశం ఉండదు.

అచ్యుతాపురం పెట్టెను దూరం నుంచి మార్చేటప్పుడు మాత్రం ‘కాన్ఫిగ్ సిస్టమ్ గ్లోబల్’లో ‘సెట్ సీఎఫ్‌జీ-సేవ్ రివర్ట్’ పెట్టుకోండి. మార్పు వల్ల మీ కనెక్షన్ తెగిపోతే, మామూలుగా 600 సెకన్ల తరువాత ఫైర్‌వాల్ రీబూట్ అయి, చివరిగా సేవ్ చేసిన కాన్ఫిగరేషన్‌కు తనంతట తానే వస్తుంది. కన్సోల్ కేబుల్ పట్టుకుని మీరు అంత దూరం వెళ్లే పని ఉండదు. మార్పు సరిగ్గా పనిచేస్తోందని రెండో బ్రౌజరు నుంచి కొత్తగా లాగిన్ అయి చూసిన తరువాత, ఆ గడువు ముగియకముందే ‘ఎగ్జిక్యూట్ సీఎఫ్‌జీ సేవ్’ కొట్టండి, లేకపోతే సరిగ్గా ఉన్న మార్పు కూడా వెనక్కి పోతుంది.